అరగని మొనలు

ఉలిని పట్టుకారుతో నిప్పుల్లోంచి తీసి, మొన వరకే నీళ్ళలో ముంచి, వెంటనే పైకి లాగింది మొనలత్త. ఇసుకరాయి ముక్క మీద మొనను రాసి, మసి పోయాక వెలుగుకి ఎదురుగా పట్టుకుంది. కాడలో మిగిలిన వేడి మెల్లగా మొనవైపు పాకుతుంటే ఇనుము మీద రంగులు కదులుతాయి. ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది, దాని వెనక వంకాయ రంగు, ఆ వెనక నీలం. గడ్డి రంగు సరిగ్గా మొనకి చేరినప్పుడు ఉలిని పూర్తిగా తొట్టిలో ముంచెయ్యాలి. రెప్పపాటు తొందరపడితే మొన పెళుసెక్కి మొదటి దెబ్బకే పెచ్చు లేస్తుంది. రెప్పపాటు ఆలస్యమైతే మెత్తబడి రాయి మీద వంగి పడుకుంటుంది. కబుర్లు చెబుతూ చేసే పని కాదది. అందుకే కొలిమి దగ్గర ఆమె ఎవరికీ జవాబివ్వదు.

ఆ సంగతి తెలిసిన కోడలు, గంప నెత్తిన పెట్టుకునే, తొట్టిలో చుయ్యిమన్న చప్పుడు ఆగేదాకా నిలబడింది.

"అత్తా, ఇవి మండపం లోపలి వరస స్తంభాలవి. చూడు, పొద్దున నువ్వు ఎలా ఇచ్చావో అలాగే ఉన్నాయి. మీ అబ్బాయి ఉలి అయితే ముద్దు పెట్టుకోవచ్చు."

గంప దించి చూస్తే నిజమే. మామూలుగా నల్లరాయిని పూటంతా కొట్టిన మొన చింతగింజలా గుండ్రబడి వస్తుంది. ఇవి కాస్త మసకబారాయి, అంతే.

పక్కనే నీడలో కూర్చుని నడుం నొక్కుకుంటున్న దుమ్ముతాత తల తిప్పాడు. జీవితమంతా ఉలి పట్టి, ఒళ్ళంతా రాతిపొడి పట్టి, ఎన్ని నీళ్ళు పోసుకున్నా తెల్లగానే ఉండే ముసలాయన.

"మీ అత్త చేతిలో ఏదో ఉందే అమ్మాయ్. నా పళ్ళక్కూడా కాస్త పదును పెట్టమను."

"ఉన్న రెండు పళ్ళకీ కొలిమి రాజెయ్యాలా తాతా?"

"రెండైనా పళ్ళే కదే."

ఆ పూట కొలిమి తిత్తి తొక్కే మొనలత్త కాలు కాస్త హుషారుగా ఆడింది. ఈమధ్య ఆమె గడ్డి రంగుని ఇంకొంచెం ముందుగా, లేత పసుపులో ఉండగానే పట్టుకోవడం మొదలుపెట్టింది. దాని ఫలితం ఇన్నాళ్ళకి కనిపిస్తోందనుకుంది. చేతి పని మీద నమ్మకం ఉన్నవాళ్ళు చేసే పొరపాటు అది. మొన అరగకపోతే మొన మంచిదనుకోవడం.

ఆమె పుట్టింది రాతిపని వాళ్ళింట్లో, మెట్టింది కొలిమి ఇంట్లో. పెళ్ళయిన మొదట్లో తిత్తి తొక్కడమే ఆమె పని. మొగుడు మాటల మనిషి కాదు. రంగు చూడమని చెప్పేవాడు కాదు, చూస్తుంటే వద్దనేవాడు కాదు. ఆయన జ్వరంతో పోయిన వారం కొలిమి చల్లగా పడి ఉంది. మొద్దుబారిన ఉలులు గుమ్మం ముందు కుప్పపడ్డాయి. ఆమె కళ్ళు తుడుచుకుని, బొగ్గులు పోసి, పట్టుకారు తనే అందుకుంది. మొదటి గంపలో సగం విరిగాయి. రెండో గంపలో సగం వంగాయి. "ఆడది కాల్చిన మొన, అప్పడం ముక్క ఒకటే" అని నవ్వినవాళ్ళే, ఏడాది తిరిగేసరికి, "నాది ముందు చూడు అత్తా" అని వరస కట్టారు. పెట్టిన పేరు ఏదో ఎవరికీ గుర్తులేదు. మొనలత్త అంటే మొనలత్తే.

ఆమె అన్నయ్య పెద్దశిల్పి. కొండలో తొలుస్తున్న మండపానికి అతనే పెద్ద. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆ మేనమామ చేతి కింద ఉలి పట్టాడు.

కొండలో మండపం తొలవడం ఇల్లు కట్టినట్టు కాదు. ఇల్లు కిందనుంచి లేస్తుంది. మండపం పైనుంచి దిగుతుంది. ముందు కప్పు చెక్కుతారు, తర్వాత గోడలు, ఆఖర్న నేల. స్తంభాలు నిలబెట్టేవి కావు, మిగిల్చేవి. చుట్టూ రాయి తీసేస్తే మిగిలిన మొద్దే స్తంభం. మొదట వాటిని మనిషి చేతులకి చుట్టుకురానంత లావుగా వదిలేసి, మిగతా పనంతా అయ్యాక, జేగురుమట్టితో ఎర్ర గీతలు గీసుకుని, ఎనిమిది పలకలుగా సన్నగా చెక్కుతారు. ఎక్కువ తీస్తే తిరిగి పెట్టడం ఎవరి తరమూ కాదు.

ముందు వరస స్తంభాలు చెక్కడం దాదాపు అయిపోయింది. ఇప్పుడు లోపలి వరసకి దిగారు. కొండ బరువంతా మోసేది ఆ వరస. మంచి చేతికి తప్ప ఇవ్వని పని అది. మొదటి మొద్దు కొడుక్కిచ్చాడు మేనమామ. ఆ రోజు కోడలు ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పింది.

ఆ కుటుంబానికి ఆ వరస పూర్తికావడం మామూలు సంగతి కాదు. కొండకి అవతలి భుజాన మొనలత్త తండ్రి తొలిచిన పాత మండపం ఉంది. అందులో లోపలి స్తంభాలు మొద్దులుగానే ఉండిపోయాయి. పని మధ్యలో ఒకరోజు ఆయన ఉలి కింద పెట్టి, "ఇక చాలు" అని ఇంటికొచ్చేశాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచి ఊరు వాళ్ళింటికి 'సగంవాళ్ళు' అని పేరు పెట్టింది. పెద్దశిల్పి ఎన్ని మంచి పనులు చేసినా ఆ పేరు జిగురులా వదల్లేదు. సగంవాళ్ళ పిల్లాడు, సగంవాళ్ళ పెళ్ళి. ఈ మండపం నిండుగా అప్పగించి ఆ మాట చెరిపెయ్యాలని అతని పంతం.

ఒక మధ్యాహ్నం కోడలు తొట్టి నీళ్ళు మార్చబోయి ఆగింది.

"అత్తా, ఇందులో పసుపు కలిపావా?"

మొనలత్త వచ్చి చూసింది. నీళ్ళు పసుపు కాదు, మురికి ఎరుపూ కాదు. రెండింటికీ మధ్య. అడుగున చెయ్యి పెట్టి మడ్డి తీసింది. నల్లరాయి పొడి అయితే వేళ్ళ మధ్య గరగరలాడాలి, ఎండలో తళుక్కుమనాలి. ఇది పిండిలా జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వానకి తడిసిన మట్టి వాసన.

వానలు పడి నెలలైంది.

"ఈ మట్టి ఎక్కడిదే?"

"లోపలి వరస ఉలులకి అంటుకొస్తోంది. రాయి కాస్త చెమటపట్టిందంటున్నారు. చల్లగా బాగుందని మీ అబ్బాయి దానికి వీపు ఆనించి కూర్చుంటున్నాడు కూడా."

మొనలత్త చెయ్యి కడుక్కుంది. సాయంత్రం గంపల్ని కలిపెయ్యకుండా విడివిడిగా పెట్టించింది. బయటి వాకిలి దగ్గర గడపరాయి కొడుతున్న వాళ్ళ ఉలులు ఒకవైపు, లోపలి వరసవి ఒకవైపు. అన్నీ ఒకే బొగ్గులో కాలినవి, ఒకే లేత పసుపులో ముంచినవి. బయటివి మొనలు గుండ్రబడి, కొన్ని పెచ్చులు లేచి ఉన్నాయి. లోపలివి సూదుల్లా ఉన్నాయి.

తన చేతి గొప్పతనం అనుకున్నదంతా అక్కడే కూలిపోయింది. చేతి గొప్ప అయితే రెండు గంపల్లోనూ ఉండాలి కదా. ఇన్నాళ్ళూ పొగడ్త తియ్యగా మింగింది. కొడుకు వీపు ఆనించి కూర్చున్న రాయి లోపల్లోపల మట్టయిపోతోందని ఉలులు రోజూ వచ్చి చెబుతూనే ఉన్నాయి.

అయినా ఆమె నోటిమాటగా ఎవరితోనూ అనలేదు. తప్పయితే అన్నయ్య పరువు, నిజమైతే కొడుకు ప్రాణం. ఊహ పట్టుకుని పరిగెత్తే మనిషి కాదు ఆమె. చూసి తేల్చుకోవాలనుకుంది.

కొడుకు ఉలి ఒకటి ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచకుండా, బూడిదలో కప్పెట్టి దానంతట అది చల్లారేదాకా వదిలేసింది. నీళ్ళు తాగని ఇనుము మైనంతో సమానం. నల్లరాయి మీద నాలుగు దెబ్బలకే మొన చుట్టుకుపోతుంది. కాడ మీద ఆకురాయితో ఒక గాటు పెట్టి, పొద్దున్నే మిగతా వాటిలో కలిపి పంపింది. ఇన్నేళ్ళలో తెలిసి తెలిసి చెడ్డ మొన ఇవ్వడం అదే మొదలు.

ఆ రోజంతా ఆమె చూపు దారి మీదే ఉంది. కొడుకు తిట్టుకుంటూ రావాలి. "ఏంటమ్మా ఇది, కళ్ళు కనిపించట్లేదా? వెన్నముద్ద ఇచ్చావేంటి?" అని ఉలి ముఖాన విసరాలి. కొడుకు చేత తిట్లు తినాలని కోరుకోవడం కూడా అదే మొదలు.

వాడు రాలేదు.

ఎండ వాలుతుండగా కోడలు గంప తెచ్చింది. గాటు ఉన్న ఉలిని మొనలత్త వెతికి తీసింది. మొన మొనలాగే ఉంది. కొసకి కాస్త తడిమన్ను అంటుకుని ఉంది.

"ఏంటత్తా అలా అయిపోయావ్?"

"మీ ఆయన ఎక్కడ?"

"ఇంకా లోపలే. వెలుగు పోయేలోపు ఈ పక్క పలక దింపేస్తానన్నాడు."

నిప్పు ఆర్పకుండా, చెంగు కూడా సర్దుకోకుండా ఆమె నడిచింది. కొలిమి వదిలి మండపం లోపలికి వెళ్ళడం ఆమెకి అలవాటు లేదు. ఆమె పని నిప్పు దగ్గర, వాళ్ళ పని చీకట్లో. గడప దాటగానే చల్లదనం కాళ్ళకి చుట్టుకుంది. ముందు వరస దగ్గర సుత్తి దెబ్బలు ఠంగుమని మోగుతున్నాయి. లోపలికి పోయేకొద్దీ చప్పుడు మారింది. కొడుకు కొడుతున్న చోట మోత లేదు. తడిసిన మూటని కొట్టినట్టు ధబ్ ధబ్ మంటోంది.

పెద్దశిల్పి రెండో మొద్దు ముందు నిలబడి, జేగురులో ముంచిన దారం లాగి గీత వేస్తున్నాడు. చెల్లెల్ని చూసి దారం వదిలేశాడు.

"నువ్వొచ్చావేంటమ్మా?"

ఆమె ఉలి అతని చేతిలో పెట్టింది. "ఇది నీళ్ళు తాగలేదు."

అతనికి వెంటనే అర్థం కాలేదు. మొన మీద గోరు గీశాడు. గీత పడలేదు కానీ, పక్కనున్న సుత్తితో మెల్లగా తడితే మైనంలా వంగింది.

"దీంతో మీ మేనల్లుడు పొద్దుట్నుంచి కొట్టాడు," అంది ఆమె. "వాడికి తెలియనే లేదు. పండు కోయడానికి పనికిరాని ఇనుము అన్నయ్యా ఇది. అది ఏ రాతిలో దిగుతోందో నువ్వే చూసుకో."

పెద్దశిల్పి ముందు వరస వైపు ఓసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"నాకు వినిపిస్తూనే ఉంది."

"ఎప్పట్నుంచి?"

"మొదటి పలక తీసినప్పట్నుంచి. పైపొర అనుకున్నాను. లోపలికి వెళ్తే గట్టిరాయి తగులుతుందనుకున్నాను."

"తగిలిందా?"

"ఇంకొంచెం చూద్దామని."

"ఆ ఇంకొంచెంలో ఉన్నది నా కొడుకు."

"నాకు మాత్రం కాడా?" అతను రెండో మొద్దు మీద అరచెయ్యి వేశాడు. "ఒక్క వరసమ్మా. ఒక్క వరస అయితే ఇక ఎవడూ మనల్ని ఆ పేరు పెట్టి పిలవడు. నాన్న చేతకాక ఆపేశాడు, కొడుకూ అంతే అంటారు. అది విని నేను బతకాలా?"

"నాన్న చేతకాకే ఆపాడని నువ్వు చూశావా?"

అతను మొద్దు మీది గీతవైపు తిరిగాడు.

"ఆయన ఉలి పెట్టేసిన ముందురోజు, రాయికి చెవి ఆనించి కూర్చున్నాడు. అన్నం తీసుకెళ్ళింది నేను. పిలిస్తే పలకలేదు. ఏం వింటున్నావని అడిగితే, ఏం లేదులే అన్నాడు. నాకప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రావట్లేదు."

కొడుకు వీళ్ళని చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, ఒకే లయలో కొట్టుకుపోతున్నాడు. అప్పుడు పైనుంచి, మొద్దు కప్పుని కలిసే చోటునుంచి, అరచెయ్యంత పెచ్చు ఒకటి ఊడి అతని భుజం పక్కన నేల మీద పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. పడ్డ పెచ్చు ముక్కలు కూడా కాలేదు. పొడిపొడిగా చితికి, కాస్త చెమ్మ మరక అయింది.

కొడుకు పైకి చూసి, భుజం దులుపుకుని, మళ్ళీ సుత్తి ఎత్తాడు.

"ఆపరా," అన్నాడు పెద్దశిల్పి. తర్వాత ముందు వరస వాళ్ళు కూడా వినేలా, "అందరూ ఆపండి."

సుత్తులు ఒకటి తర్వాత ఒకటి ఆగాయి. ఆ మండపంలో పని మొదలయ్యాక పగటిపూట అలాంటి నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. సుత్తుల మోత కింద ఇన్నాళ్ళూ దాగిన చప్పుడు అప్పుడు వినిపించింది. నిద్రలో ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు, ఎక్కడో కప్పు లోపల, సన్నగా. ఆగి, మళ్ళీ.

ముందు వరస దగ్గరున్న దుమ్ముతాత ఉలి కూడా తీసుకోకుండా గడపవైపు నడిచాడు. అతను వేళాకోళం ఆడకపోవడం చూసి మిగతావాళ్ళు కూడా లేచారు.

పెద్దశిల్పి మాత్రం కదల్లేదు. చేతిలో సుత్తి తిరగేసి పట్టుకుని, మొద్దుని కిందనుంచి పైదాకా తడుతూ పోయాడు. నడుం ఎత్తు వరకు మోగింది. పైన ధబ్ మంది. మేనల్లుడు పలకగా దింపిన చోట చెయ్యి పెట్టి, ఎంత రాయి పోయిందో జానతో కొలుచుకున్నాడు.

"పోయింది తక్కువే. ఉన్నది ఉంచితే మోస్తుంది," అన్నాడు. "ఇంకొక్క పలక తీసి ఉంటే..."

సుత్తి మెల్లగా కింద పెట్టాడు.

మేనమామ ఆ గాటు ఉలి చూపించాక కొడుక్కి సంగతి అర్థమైంది. బయటికొచ్చాక తల్లి మీద మండిపడ్డాడు.

"నాకు చెడ్డ ఉలి ఇచ్చావా అమ్మా? నాకే?"

"ఇచ్చాను."

"నేను కనిపెట్టలేదని అందరికీ తెలిసిపోయింది. రేపట్నుంచి నన్నేమంటారు? సగం పని, సగం చెయ్యి. వాడికి ఉలికీ వేలికీ తేడా తెలియదంటారు."

"అననీ."

"నీకేం, నువ్వు కొలిమి దగ్గర కూర్చుంటావ్."

కోడలు మధ్యలో దూరింది. "అనిపించుకోవడానికి మనిషి మిగిలాడు కదా, అది చాలు. ముందు అన్నం తిను, తర్వాత అలుగు." ఆమె గొంతు తేలిగ్గానే ఉంది. కంచంలో పెట్టిన అన్నం మీదే మాత్రం మళ్ళీ అన్నం వడ్డించింది.

మర్నాటి నుంచి లోపలికి ఎవరినీ రానివ్వలేదు పెద్దశిల్పి. ముందు వరస పనీ, గడపరాయి పనీ మాత్రమే నడిచాయి. అదీ చిన్న సుత్తులతో, ఒకరు ఆగాక ఒకరు. మొనలత్త మళ్ళీ పాత గడ్డి రంగుకే వెళ్ళింది. అన్ని గంపల్లోనూ మొనలు గుండ్రబడి రావడం మొదలుపెట్టాయి. అరిగిన మొన చూసినప్పుడల్లా ఆమె ఊపిరి పీల్చుకుంది. కొడుకు మాట్లాడకుండానే ఉలులు తెచ్చి పెట్టి, మాట్లాడకుండానే తీసుకెళ్ళేవాడు. ఒకరోజు మాత్రం వెళ్తూ వెళ్తూ ఆగి, తొట్టిలో వేలు పెట్టి, మడ్డిని నలిపి చూశాడు. గరగరలాడింది. వేలు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆఖరి పలక నునుపు చేసిన రోజు మిగిలిన పని ఒక్కటే. లోపలి మొద్దుల మీద గీసిన జేగురు గీతలు.

"అవి ఉంటే, మన తర్వాత ఎవడో వస్తాడు," అన్నాడు పెద్దశిల్పి. "పాపం సగంలో వదిలేశారు, గీతలు గీసే ఉన్నాయి కదా అని ఉలి పెడతాడు. చెరిపెయ్యాలి."

"నేనొస్తా," అంది మొనలత్త.

ఇద్దరే వెళ్ళారు. తడిగుడ్డతో అతను పైన, ఆమె కింద తుడిచారు. ఎర్రనీళ్ళు మోచేతుల దాకా కారాయి. వంటింట్లో పసిపిల్ల నిద్రపోతున్నప్పుడు గిన్నెలు సర్దుకున్నట్టు, ఏ చప్పుడూ రాకుండా పని చేశారు. గీత పోయిన ప్రతి మొద్దూ మళ్ళీ కొండలా కనిపించింది. చివరి మొద్దు తుడుస్తుండగా ఆమె మణికట్టు మీద పైనుంచి ఒక చుక్క పడింది. జేగురు కాదు. పలచని పసుపు. అన్నయ్య అది చూశాడు. ఆమె చెంగుతో తుడిచేసుకుంది.

పని పెట్టించిన దొర మనిషి అప్పగింతకి వచ్చినప్పుడు అందరూ గడప దగ్గర నిలబడ్డారు. అతను ముందు వరస స్తంభాలు నిమిరి, బాగున్నాయన్నట్టు తలూపాడు. కప్పు మీది పువ్వులు చూశాడు. లోపలి వరస దగ్గర ఆగాడు.

"మరి ఈ మొద్దులు?"

"అవి కొండవి," అన్నాడు పెద్దశిల్పి. "ముందువి మావి."

"అంటే చెక్కరా?"

"చెక్కకూడదు. చెక్కితే కప్పు దిగుతుంది. దొరగారికి ఆ మాట నా మాటగా చెప్పండి."

ఆ మనిషి నవ్వాడు. "మీకు ఊరు పేరు పెట్టింది ఊరికే కాదన్నమాట."

కొడుకు ఒక అడుగు ముందుకేశాడు. మొనలత్త అతని మోచెయ్యి పట్టుకుంది. అతను విదిలించుకోలేదు.

"పని అయింది," అన్నాడు పెద్దశిల్పి. "తీసుకోండి."

అతను గడప దిగాడు. దొర మనిషి లోపలే ఉండిపోయాడు. అప్పగింత అంటే అంతే. దుమ్ముతాత సుత్తులు మూట కట్టాడు, కోడలు గంప నెత్తికెత్తుకుంది. అందరూ కదిలినా మొనలత్త అక్కడే నిలబడింది. లోపల ఆ మనిషి ఏమీ తోచక, వేళ్ళు మడిచి, ఒక మొద్దుని తలుపు తట్టినట్టు తట్టాడు. ధబ్ మంది. అతనికి అందులో ఏమీ వినిపించినట్టు లేదు. మళ్ళీ తట్టాడు. అతను పక్కకి తప్పుకునేదాకా ఆమె కప్పువైపే చూస్తూ ఉండి, తర్వాత కొలిమి ఆర్పడానికి వెళ్ళింది.